పడనివి ఏవో వివరంగా రాయండి

తల్లిదండ్రులకు నమస్కారం.

మన ప్రవేశ దరఖాస్తులో ‘మీ బిడ్డకు పడనివి ఏవైనా ఉన్నాయా?’ అనే గడి ఒకటి ఉంది. నేను ఈ బడికి వచ్చిన కొత్తలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసేవారు. ఈ ఏడాది వేరుశెనగ, గుడ్డు, దుమ్ము, పిల్లి బొచ్చు అంటూ నింపారు. ఒక తల్లి ‘మట్టి’ అని రాసి కింద రెండు గీతలు గీశారు. పిలిచి అడిగితే, బాబుకు మట్టితో ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదని, ముందుజాగ్రత్తగా రాశానని చెప్పారు. తోటపని పీరియడ్‌కు పంపవద్దన్నది ఆమె కోరిక. ఈ ఉత్తరం ఆ సంభాషణకు కొనసాగింపు.

బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17,414 మందికి 23 ఏళ్లు వచ్చేదాకా సేకరించిన వివరాలను డేవిడ్ స్ట్రాచన్ అనే వైద్య పరిశోధకుడు 1989లో పరిశీలించారు. ఇంట్లో పిల్లలు ఎక్కువయ్యేకొద్దీ, అందులోనూ అన్నలూ అక్కలూ ఉన్నవారిలో, పుప్పొడి పడక వచ్చే తుమ్ములు తక్కువగా కనిపించాయి. పెద్ద పిల్లలు బయటి నుంచి మోసుకొచ్చే జబ్బులే చిన్నవాళ్ల ఒంటికి తర్ఫీదు ఇస్తున్నాయేమోనని ఆయన ఊహించారు. జబ్బులకన్నా, హాని చేయని రకరకాల సూక్ష్మజీవులతో పసితనంలోనే పరిచయం కావడమే ముఖ్యమని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

పల్లె సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికాలో ఆమిష్, హటరైట్ అనే రెండు వ్యవసాయ సముదాయాలున్నాయి. రెండింటి మూలాలూ యూరప్‌లోని ఆల్ప్స్ ప్రాంతమే. తిండీ కుటుంబాల పరిమాణమూ దాదాపు ఒకటే. ఆమిష్ బడిపిల్లల్లో వందకు సుమారు 5 మందికి ఉబ్బసం ఉంటే, హటరైట్లలో 21 మందికి ఉంది. ఆమిష్ ఇళ్లకు పశువుల కొట్టం పక్కనే ఉంటుంది. పసిపిల్లలు అక్కడే తిరుగుతారు. హటరైట్ల పాడి యంత్రాలతో, ఇళ్లకు దూరంగా సాగుతుంది. 2016లో వెలువడిన పరిశోధనలో ఆమిష్ ఇళ్ల దుమ్మును ఎలుకల ముక్కులకు తగిలిస్తే, వాటికి ఉబ్బసం లక్షణాలు రాకుండా అడ్డుకుంది.

ఒక్కరే సంతానం ఉన్నవారు కంగారు పడకండి. వేలమందిని కలిపి చూస్తే కనిపించే తేడా ఇది. దీనితో ఏ ఒక్క బిడ్డకూ జాతకం రాయలేం. నేను ఆరుగురు పిల్లల్లో చివరివాణ్ని, దూడల మధ్య పెరిగినవాణ్ని. అయినా పాత రిజిస్టర్లు దులిపితే చాలు, నాకు వరసగా తుమ్ములే. పైగా పల్లెలోనూ పొయ్యి పొగ, వయ్యారిభామ మొక్కలు ఉంటాయి. మన ప్రహరీ వెంట మొలిచిన వయ్యారిభామను పూత రాకముందే చేతి తొడుగులు వేసుకున్న సిబ్బందితో పీకిస్తున్నాం.

టీకాలు మానవద్దు, పాలు కాచకుండా తాగించవద్దు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడంలో మార్పేమీ లేదు. పసితనం దాటిన పిల్లలకు తోటపని మందు కాదని నాకూ తెలుసు. అయినా నిజంగా పడనివారు తప్ప అందరూ రావాలి. ఆ బాబు పోయిన శనివారం బెండ విత్తనాలు నాటాడు.

నిజంగా ఏదైనా పడకపోతే, అది తిన్న లేదా తగిలిన ఎంతసేపటికి ఏమవుతుందో, డాక్టరు ఏ మందు ఇచ్చారో రాయండి. ఇన్‌హేలర్ మీద పేరు, తరగతి రాసి తరగతి ఉపాధ్యాయులకు అందజేయండి. గడి చాలకపోతే కాగితం వెనకవైపు వాడుకోండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు