ఏ పరీక్ష అని అడిగావు కదా

బంగారూ,

మొన్న ఫోన్లో అడిగావు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ముందే కనిపెట్టడానికి పాప్ స్మియర్ చేయించుకోవాలా, హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలా అని. డాక్టర్ గారు రెండూ చెప్పారని, ఏదో ఒకటి తేల్చుకునేదాకా ఆగానని అన్నావు. అప్పుడు పక్కన మీ నాన్న, మామయ్య కూర్చుని ఉంటే నాకు నోరు పెగల్లేదు. "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. ఆ రాత్రంతా నా మీద నాకే కోపం వచ్చింది.

మీ పెద్దమ్మ కూడా ఇలాగే ఎవరికీ చెప్పుకోలేకపోయింది. నెలసరి ఆగిపోయిన నాలుగేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే ఏడాది పాటు దాచుకుంది. అంతకు ముందు ఒక్కసారి కూడా ఆవిడకు ఈ పరీక్ష జరగలేదు. నీకప్పుడు పదకొండేళ్లు. పెద్దమ్మ ఎందుకు పోయిందని నువ్వు అడిగితే జ్వరమని చెప్పాం. జ్వరం కాదమ్మా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్.

నీ ప్రశ్నకు నా జవాబు హెచ్‌పీవీ పరీక్ష. ఎందుకో చెప్తాను.

పాప్ స్మియర్‌ను తీసిపారేయకు. పాపనికొలావు అనే డాక్టర్ దాన్ని 1940లలో లోకానికి పరిచయం చేశారు. పద్ధతిగా చేస్తూ వచ్చిన దేశాల్లో ఈ క్యాన్సర్ మరణాలు బాగా తగ్గాయి. కాకపోతే అందులో కణాలను గీకి తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కణాలు సరిగా రాకపోయినా, చూసేవాళ్ల కన్ను తప్పినా, తేడా ఉండి కూడా నార్మల్ అని రావచ్చు. అందుకే మూడేళ్లకోసారి మళ్లీ మళ్లీ చేయమంటారు. హెచ్‌పీవీ పరీక్ష ఇంకో అడుగు వెనక్కి వెళ్తుంది. కణాలు మారాయా అని కాదు, మార్చే హెచ్‌పీవీ అనే వైరస్ అక్కడ ఉందా అని చూస్తుంది. దాదాపు ఈ క్యాన్సర్లన్నిటికీ ఆ వైరసే మూలం. కెనడాలో పది వేల మందికి రెండు పరీక్షలూ చేసి చూసి 2007లో ఫలితాలు ప్రచురించారు. ముదిరే అవకాశమున్న మార్పుల్లో పాప్ ఒక్కసారికి పట్టుకున్నవి సుమారు 55 శాతం, హెచ్‌పీవీ పరీక్ష పట్టుకున్నవి సుమారు 95 శాతం. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ పల్లెల్లో లక్షా ముప్పై వేల మంది మీద జరిగిన అధ్యయనం 2009లో వచ్చింది. అక్కడ ఒకే ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేస్తే ఎనిమిదేళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు సగానికి పడిపోయాయి. ఒక్కసారికే! అది చదివినప్పుడు నాకు మీ పెద్దమ్మే గుర్తొచ్చింది.

వెనిగర్ లాంటి ద్రావణం పూసి, ఒక నిమిషం ఆగి తెల్లబడిందేమో చూసే పద్ధతి కూడా ఉంది, వీఐఏ అంటారు. ల్యాబ్ అక్కర్లేదు, ఫలితం అప్పుడే తెలుస్తుంది. ల్యాబ్ అందుబాటులో లేని చోట అదెంతో మేలు. నీకు ల్యాబ్ ఉంది కాబట్టి దాని అవసరం లేదు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. హెచ్‌పీవీ పరీక్షలో ఒక చిక్కుంది. పాజిటివ్ వచ్చినవాళ్లలో చాలామందికి జబ్బేమీ ఉండదు. వాళ్లలో నేనూ ఒకదాన్ని. నీకు చెప్పలేదు. రిపోర్ట్ చూసిన రోజు నాకు కాళ్లు ఆడలేదు. క్యాన్సర్ భయం కంటే ముందు వచ్చిన ఆలోచన, ఇది నాకెలా అంటింది అని. ఇరవై రోజులు మీ నాన్నతో సరిగా మాట్లాడలేదు. పాపం ఆయనకు కారణమే తెలియదు. చివరికి డాక్టర్ గారినే అడిగేశాను. దాంపత్యంలో ఉన్న ఆడా మగా దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుందని, చాలామందికి రెండేళ్లలోపే దానంతటదే పోతుందని, ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో తేల్చడం కుదరదని ఆవిడ చెప్పారు. నాది క్యాన్సర్‌కు ఎక్కువగా దారితీసే 16, 18 రకాల వైరస్ కాదు. అవైతే నేరుగా కాల్పోస్కోపీ చేసి దగ్గరగా చూస్తారట. నాకు పాప్ చేశారు, నార్మల్. ఏడాది తర్వాత మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష చేస్తే నెగటివ్. ఒకవేళ వైరస్ పోకుండా ఉండిపోయినా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఈలోపు కనిపెడితే ఆ కాస్త భాగాన్ని తీసేస్తే సరిపోతుంది. కాబట్టి పాజిటివ్ వస్తే నాలా కుమిలిపోకు, అల్లుడి మీద అనుమానం పెట్టుకోకు.

నీకు ముప్పై నిండాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టమన్న వయసు అదే. నెగటివ్ వస్తే మళ్లీ ఐదేళ్ల దాకా టెన్షన్ లేదు. టేబుల్ మీద పడుకోవాలంటే సిగ్గన్నావుగా, కొన్నిచోట్ల శాంపిల్ మనమే తీసుకుని ఇవ్వవచ్చు, అడుగు. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నాను కదా అని మానేయకు, అది అన్ని రకాలనూ ఆపదు. నెలసరి రోజులు కాకుండా చూసుకో. మధ్యలో ఎప్పుడైనా అకారణంగా రక్తం కనిపిస్తే మాత్రం పరీక్ష తేదీ కోసం ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఏ రోజో ఖాయం చేసుకుని చెప్పు, వస్తాను, బయట కూర్చుంటాను. రిపోర్ట్ రాగానే ఫోన్ చెయ్యి. ఈసారి పక్కన ఎవరున్నా మాట్లాడతాను.

అమ్మ