బెల్టు కుట్లు చూసుకో

పలాస

చిరంజీవి చిన్నోడికి ఆశీస్సులు.

నువ్వెక్కే గాలిమర టవరు ఎత్తెంతో అమ్మకు చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

మన దగ్గర గాలంటే 2018 తిత్లీ తుపాను, కూలిన జీడిచెట్లు. అనంతపురంలో గాలంటే కరెంటు యూనిట్లు. జూన్ దాటి గాలి ఊపందుకున్నాక మెషిన్ ఆగితే "బేగి ఎక్కండి" అని ఒకటే ఫోన్లు వస్తాయి. తనిఖీలు ఎగ్గొట్టేది ఆ తొందరలోనే.

హార్నెస్, అదే ఒంటికి కట్టుకునే బెల్టు, దాని పట్టీని రెండు చేతులతో పట్టుకుని వంచు. అలా బెత్తెడు బెత్తెడు జరుపుతూ మొత్తం చూడు. చదునుగా ఉన్నప్పుడు కనిపించని కోత వంచితే పోగులు లేచి బయటపడుతుంది. చాలావాటికి కుట్టుదారం వేరే రంగులో ఇచ్చేది తెగితే తెలియడానికే. బెల్టును కొక్కేనికి కలిపే తాడు లాన్యార్డు. దానికున్న, పడినప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ పొట్లం విచ్చుకుందంటే దాని పని అయిపోయినట్టే. టేపు చుట్టి వాడమంటే వాడకు.

నిచ్చెన దగ్గర ఫాల్ అరెస్టర్ (జారితే పట్టి ఆపే క్లిప్పు) తగిలించాక రెండు మెట్లెక్కి, వెనక్కి వాలి బరువు వెయ్యి. వెంటనే పట్టాలి. జారిందా, ఆ రోజు ఎక్కడం లేదు. ప్లాట్‌ఫాం చేరాక ముందు నువ్వెక్కి వచ్చిన కంతకు మూత వెయ్యి, తర్వాతే కొక్కెం తియ్యి.

కన్వర్టర్ (కరెంటును గ్రిడ్‌కు సరిపడేలా మార్చే పెట్టె) దగ్గర స్విచ్చి ఆపినంత మాత్రాన సరిపోదు, కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. తలుపు మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటరు పెట్టి చూసి, అప్పుడు ముట్టుకో. తాళం నువ్వే వెయ్యి, చెవి నీ జేబులోనే ఉండాలి. రెక్కలు కలిసే హబ్‌లో దూరాలంటే బ్రేకు చాలదు, రెక్కలు తిరగకుండా బిగించే రోటర్ లాక్ పడాలి.

ఎవరైనా హార్నెస్‌లో కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలో నిలిచి నిమిషాల్లోనే స్పృహ తప్పొచ్చు. 108 వాళ్లు టవరెక్కరు, పక్కనున్నవాడే దించాలి. అందుకే ఒక్కడివే ఎక్కకు. పైనున్న రెస్క్యూ కిట్ సీలు, తేదీ చూసుకో. జీడబ్ల్యూఓ (గాలిమరల కంపెనీల శిక్షణ సంస్థ) ఎత్తు పని సర్టిఫికెట్ రెండేళ్లకే చెల్లుతుంది, రిఫ్రెషర్ ఫీజు ఎవరు కడతారో ఇప్పుడే అడుగు.

ఇక జీతం కాగితం. బేసిక్ 12,000 అయితే పీఎఫ్‌కి నీ వాటా 12 శాతం, అంటే 1,440. కాంట్రాక్టర్ ఇంకో 1,440 కట్టాలి, అందులో 1,000 దాకా పెన్షన్‌కి పోతుంది. ఆయన వాటా కూడా నీ జీతంలోంచే కోస్తే ఊరుకోకు. కోసి కట్టనివాళ్లూ ఉన్నారు, నెలనెలా ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూడు. కాంట్రాక్టర్ మారినా యూఏఎన్ (నీ పీఎఫ్ నంబరు) ఒక్కటే, కొత్తది తీయనివ్వకు. జీతం 21,000 లోపే కాబట్టి సైటు ఈఎస్ఐ పరిధిలో ఉంటే నూటికి 75 పైసలు కోస్తారు. అలా కోస్తే కార్డు అడిగి తీసుకో. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే ఇవ్వాలి, చట్టం అంతే. హాజరు, ఓవర్‌టైం గంటలు నీ పుస్తకంలో కూడా రాసుకో, రేపు అడగడానికి అదే ఆధారం.

నామినీగా అమ్మ పేరు పెట్టు, నాది వద్దు.

జీడిపప్పు రెండు కేజీలు పార్సిల్ వేశాను. ఒక కేజీ నీతో టవరెక్కే కుర్రాడికి.

నాన్న