గూగుల్ వ్యాసమైనా నియమం మారకూడదు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. ఒకప్పుడు ప్రోటీన్ ఆకారం చూపించాలంటే పుస్తకంలో బొమ్మే దిక్కు. ఇప్పుడు మా పిల్లలు ఫోన్‌లో పేరు కొట్టి, ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ వేసిన అంచనాను వేలితో తిప్పి చూస్తున్నారు. నమ్మకంగా చెప్పగలిగిన భాగం ముదురు నీలం, చెప్పలేనిది నారింజ. "మేడమ్, ఈ తోకంతా నారింజలో ఉందేంటి?" అని మొన్న ఒకమ్మాయి అడిగింది. కొన్ని భాగాలకు అసలు స్థిరమైన ఆకారమే ఉండదని వివరించేసరికి గంట అయిపోయింది.

గూగుల్ డీప్‌మైండ్ చేసిన ఈ పని గొప్పది. 2022 నాటికే 20 కోట్లకు పైగా ఆకారాలను అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ సంస్థ శాస్త్రవేత్తలు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా దక్కడం న్యాయమే. కానీ ఆ ప్రోగ్రామ్ పాఠాలు నేర్చుకున్నది 1971లో మొదలైన ప్రోటీన్ డేటా బ్యాంక్ దగ్గర, అంటే ప్రయోగాలతో కనుక్కున్న ప్రోటీన్ ఆకారాలను దాచే ఖజానా దగ్గర. అందులో ఒక్కో ఆకారం కోసం, ఆకారం కనుక్కోవడానికి కావలసిన ప్రోటీన్ స్ఫటికం (క్రిస్టల్) తయారవక నెలల తరబడి టెన్షన్ పడిన పరిశోధక విద్యార్థులున్నారు. ఆ ఖర్చులో చాలావరకు ప్రజల డబ్బు. ఆకారం కుదిరిందో లేదో చూడటానికి నేటికీ వాడే గ్రాఫ్ (రామచంద్రన్ ప్లాట్) కూడా 1963లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్ బృందం ఇచ్చిందే.

అందుకే 2024 మేలో జరిగింది నాకు మింగుడు పడలేదు. ఆ ప్రోగ్రామ్ కొత్త రూపమైన ఆల్ఫాఫోల్డ్ 3 గురించిన వ్యాసాన్ని 'నేచర్' అనే శాస్త్ర పత్రిక, ప్రోగ్రామ్ కోడ్ లేకుండానే అచ్చేసింది. పాఠకులకు కోడ్ అందుబాటులో ఉంచాలన్నది ఆ పత్రిక పెట్టుకున్న నియమమే. కోడ్ బదులు ఒక వెబ్‌సైట్ ఇచ్చి, రోజుకు ఇన్నిసార్లే వాడాలన్నారు. వెయ్యి మందికి పైగా శాస్త్రవేత్తలు అభ్యంతరం చెబుతూ లేఖ మీద సంతకాలు చేశారు. చివరికి నవంబరులో, వ్యాపారానికి వాడకూడదనే షరతుతో కోడ్ బయటికొచ్చింది. కోడ్ చూడకుండా ఒక ఫలితాన్ని మా పిల్లలు ఎలా సరిచూసుకోవాలి? చూపించలేమంటే కంపెనీ దాన్ని తన సైట్లోనే పెట్టుకోవచ్చు, శాస్త్ర పత్రిక ముద్ర ఎందుకు?

అదే నవంబరులో మన కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 నుంచి 2027 వరకు విదేశీ పరిశోధన పత్రికలు మన విద్యాసంస్థలకు అందించడానికి ఈ సొమ్ము. ఇంత కడుతున్నప్పుడు అడిగే హక్కు మనకుంది. ఆ గడువు తీరి ఒప్పందాలు మళ్లీ రాసుకునేటప్పుడు, కంపెనీల వ్యాసాలకూ కోడ్ నియమాన్ని మినహాయింపు లేకుండా పాటించాలని షరతు పెట్టించేలా మన ఎంపీలు ఇప్పటి నుంచే పార్లమెంటులో అడగాలి.

— ఒక బయోకెమిస్ట్రీ లెక్చరర్, కాకినాడ