తుక్కు చేసే ముందు ఒక్కసారి చూడమనండి
రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రెండేళ్ల కిందట ఒక ప్రభుత్వ కార్యాలయం వెనక ఆవరణలో ఓ కారు చూశాను. ఫియట్ 1100. జప్తు చేసిన మోటార్ సైకిళ్ల గుట్ట అవతల, చెట్టు కింద, నాలుగు టైర్లలోనూ గాలి పోయి నేలకు అంటుకుని కూర్చుంది. రంగు ఏమిటో పోల్చుకోలేకపోయాను. వేలు తడి చేసి రుద్దితే లేత నీలం బయటపడింది. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉంది. దాని చివరి బుడిపె ఒక పక్కన మాత్రమే నున్నగా అరిగిపోయింది, ఎన్నేళ్లపాటో ఒకే చెయ్యి అక్కడ ఆనినట్టు. వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. సీటు పీచు, వైర్ల మీది తొడుగు కొరికి పోగేసుకుని చక్కటి గూడు కట్టుకున్నాయి.

పాత కార్లు బాగుచేయడం నాకు బతుకుతెరువు కాదండీ, పిచ్చి. స్క్రూడ్రైవర్ ఎప్పుడూ జేబులో ఉంటుంది. దాని పిడితో తలుపుల కింద పొడుగునా ఉండే రేకు మీద తట్టాను. కుడివైపు ఖంగుమంది. ఎడమవైపు అట్టపెట్టె మీద కొట్టినట్టు చప్పగా పలికింది, మొన గుచ్చితే సులువుగా దిగిపోయింది. ఒక పక్క పోయింది, రెండో పక్క గట్టిగానే ఉంది. అడుగు రేకు బాగుంది. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ చదవగలిగాను. ఓపిక ఉన్నవాడికి ఆరేడు నెలల పని, అంతే.

లోపలికి వెళ్లి అడిగితే కేసు నడుస్తోంది అన్నారు. దరఖాస్తు పెట్టాను. జవాబు రాలేదు. మళ్లీ వెళితే ఆ ఫైలు మా సెక్షన్‌ది కాదన్నారు. ఈమధ్య వెళ్లేసరికి చెట్టు కింద నూనె మరక ఒక్కటే ఉంది. మోటార్ సైకిళ్లతో కలిపి ఒకే లాట్‌గా, కిలోల లెక్కన పాతినుముకు పోయిందట. ఆ మాట చెప్పిన గుమాస్తా గారిని తప్పుపట్టను. "దానికంత విలువుందని మాకెవరు చెప్పారండీ?" అన్నారాయన. నిజమే, ఎవరూ చెప్పలేదు. చెప్పే మనిషిని పిలిచే ఏర్పాటు కూడా ఏ నిబంధనలోనూ ఆయనకు కనబడలేదు. ఈ ఉత్తరం ఆ ఏర్పాటు కోసమే.

మామూలుగా అందరూ అనేదేమిటంటే, యాభై అరవై ఏళ్ల కారు తుప్పు పట్టక ఏమవుతుంది అని. తుప్పుకు వయసుతో పని లేదు. ఇనుముకు నీరూ గాలీ కలిసి తగలాలి. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, వాన చుక్క పడకపోయినా పని మొదలవుతుంది. ఉప్పు గాలి తోడైతే చెప్పక్కర్లేదు. తలుపు అద్దం పక్కనుంచి లోపలికి దిగే నీరు బయటికి పోవడానికి తలుపు అడుగున చిన్న కన్నాలు పెడతారు. రాలిన ఆకులూ దుమ్మూ కలిసి బురదై ఆ కన్నాలు మూసుకుపోయాయంటే తలుపు కాస్తా నీళ్ల తొట్టి అయిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు కరిగిపోతూ ఉంటుంది. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రెండు రేకుల అతుకులో చేరి వాటిని ఎడంగా తోసేస్తుంది. రంగు ఉబ్బి పెచ్చు లేచేది అప్పుడు. అంటే మన కంటికి తుప్పు కనబడే రోజుకే అది బాగా ముదిరిందన్నమాట.

ఇప్పటి కార్లకు ఈ బాధ తక్కువ. బాడీ రేకుకు జింకు పూత ఉంటుంది. పోర్షె 911కి అది 1970ల మధ్యలో వచ్చింది, ఆడి 100కి 1980ల మధ్యలో. అంతకు ముందరి కార్లలో చాలావాటికి రంగూ, యజమాని శ్రద్ధా తప్ప వేరే కాపలా లేదు. యజమాని దూరమైతే ఇక రంగే దిక్కు.

మీ అధికారులకు పనికొచ్చే మాట ఒకటి. ఎవరో దయతలచి ఇలాంటి కారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. అంతకన్నా ఊరికే వదిలేయడం నయం. నేలలోని తేమ పైకి లేచి పట్టా కింద చిక్కుకుని, ఎండెక్కేకొద్దీ కారును ఆవిరి పట్టిస్తుంది. కావలసింది పైన కప్పు, చుట్టూ గాలి.

కదలకుండా పడి ఉన్న కారుకు ఇంకా చాలా జరుగుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని సిలిండర్లను లోపలినుంచి తినేస్తుంది. పెట్రోలు చిక్కబడి జిగురై కార్బురేటర్‌లో గడ్డకడుతుంది. పిస్టన్ రింగులు పట్టేస్తాయి, క్లచ్ ప్లేటు అతుక్కుపోతుంది. ఇవన్నీ చూసి జనం ఇంజిన్ పోయిందంటారు. ఎక్కడికీ పోదు. వీటిలో బాగుచేయలేనిది ఏదీ లేదు. నిజంగా తిరిగిరానివి రెండే. ఒకటి, బరువు మోసే చాసిస్ పూర్తిగా తుప్పుకు పోవడం. రెండు, చాసిస్ నంబరు రేకు ఎవరో ఊడబెరుక్కుపోవడం. నంబరు పోయిన కారు ఊరూ పేరూ లేని ఇనుము. అందుకే ఈ సంగతి బాగా తెలిసిన దొంగలు చక్రాలు వదిలేసి ఆ చిన్న రేకు పట్టుకుపోతారు.

అసలు చిక్కు చట్టంలో ఉందని నా అనుమానం. పాత కార్లను గుర్తించే నిబంధనలు ప్రపంచంలో లేకపోలేదు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా, 30 ఏళ్లు దాటిన వాహనాన్ని చారిత్రక వాహనం అంటుంది. అయితే అది సరైన చారిత్రక స్థితిలో పదిలంగా ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన వాహన తనిఖీ ఆదేశం కూడా ఇంచుమించు ఇదే అంటుంది, అసలు రూపం చెడకూడదని. జర్మనీలో 30 ఏళ్లు దాటిన కార్లకు ఇచ్చే 'హెచ్' నంబరుకూ ఇదే షరతు. బాగానే ఉంది. మరి చెట్టు కింద పడి ఉన్న కారు ఈ షరతు ఎలా తీరుస్తుంది? బాగుచేయించే స్తోమత ఉన్నవాడు ముందే బాగుచేయించుకున్న కారుకే గుర్తింపు. గుర్తింపు అవసరమైన కారేమో తుక్కు ఖాతాలో ఉంటుంది. తిరిగే బండి, తుక్కు బండి, ఈ రెంటికీ మధ్య ఎదురుచూస్తున్న బండి అనే గడి ఒకటి మీ ఫారాల్లో లేదు.

ఆ గడి లేకపోతే ఏమవుతుందో స్విట్జర్లాండ్‌లో ఓ సరస్సు చెబుతుంది. 1925 నాటి బుగాటి బ్రెషియా ఒకటి సుంకం కట్టకుండా అక్కడ ఉండిపోయిందట. నిబంధన ప్రకారం కారును నాశనం చేయాలి కాబట్టి, 1930ల్లో కస్టమ్స్ వాళ్లు దాన్ని మజ్జోరే సరస్సులోకి దించారని చెబుతారు. గొలుసు కట్టి దించారట, కావాలంటే మళ్లీ పైకి లాగొచ్చని! గొలుసు తుప్పు పట్టి తెగింది, కారు యాభై మీటర్ల లోతుకు జారిపోయింది. ఆ గొలుసు కట్టిన ఉద్యోగి అంటే నాకు భలే ఇష్టం. నాశనం చేయమన్న ఆదేశం చేతిలో ఉన్నా చెయ్యి రాలేదు పాపం. 2009లో దాన్ని పైకి తీశారు. సగం కరిగిపోయిన ఆ అస్థిపంజరాన్ని 2010లో పారిస్ వేలంలో 2,60,500 యూరోలకు కొన్నారు. కొన్నవారు బాగుచేయించకుండా అలాగే మ్యూజియంలో పెట్టారు.

ఇంకోటి ఫ్రాన్స్‌లో. రవాణా వ్యాపారి రోజె బయాన్ 1950ల నుంచి కార్లు పోగేశాడు, మ్యూజియం పెడదామని. 1970ల్లో వ్యాపారం దెబ్బతింది, కొన్ని అమ్ముడుపోయాయి, మిగతావి రేకుల షెడ్ల కింద ఉండిపోయాయి. 2014లో వేలం సంస్థ నిపుణులు వెళ్లి చూస్తే అరవై దాకా ఉన్నాయి. చాలావాటి మీద తీగలు అల్లుకున్నాయి. వాటి మధ్య ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఒకటి పాత పత్రికల కట్టల కింద ఉంది. మరుసటి ఏడాది పారిస్‌లో అది ఒక్కటే కోటీ 63 లక్షల యూరోలకు పోయింది. మొత్తం సేకరణకు రెండున్నర కోట్ల యూరోల దాకా వచ్చింది. దుమ్ము తుడవకుండానే అమ్మారు. కొనేవాళ్లకు ఆ దుమ్మూ కావాలి.

ఈ అంకెలు చూసి మీ ఆవరణల్లో ఫెరారీలున్నాయని చెప్పడం లేదు. ఉండవు. ఉండేవి మామూలు కుటుంబాలు తిరిగిన మామూలు కార్లే. నా మటుకు నాకు అవే ముఖ్యం. ఫెరారీని ఎవరో ఒకరు ఎలాగూ కాపాడతారు. లక్షల్లో తయారైన కారును మాత్రం అందరూ ఎక్కడో ఒకటి ఉండే ఉంటుందిలే అనుకుంటూ తుక్కుకు పంపుతారు. చివరికి దాని టెయిల్ లైటు గాజు ఒక్కటి కావాలంటే ఎక్కడా దొరకదు.

మీ శాఖ వైపు న్యాయం లేదనను. పడి ఉన్న కారు నుంచి ఇంజిన్ ఆయిలు, బ్యాటరీలోని సీసం, యాసిడ్ నేలలోకి దిగుతాయి. స్విట్జర్లాండ్‌లోని కౌఫ్‌డోర్ఫ్‌లో చెట్లు కార్లలోంచి పెరిగి, అడవీ కార్లూ ఒకటైపోయిన చోటు ఉండేది. చూడటానికి జనం వచ్చేవారు. పర్యావరణ కారణాలతో ఖాళీ చేయమన్నారు, చేయించారు. అయితే ముందు వేలం వేశారు, 2009లో. కావలసినవాళ్లు కావలసినవి తీసుకెళ్లాకే మిగతాది తుక్కయింది. ఆ వరస నాకు నచ్చింది.

నేను అడిగేది కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. 30 ఏళ్లు దాటిన ఏ కారైనా మీ శాఖ చేతిమీదుగా తుక్కుకు పోయేముందు, పాత కార్లు తెలిసిన ఒక్క మనిషి వచ్చి చూడాలి. ఫోటోలు, చాసిస్ నంబరు అందరికీ కనబడేలా మూడు నెలలు పెట్టాలి. అలా పెట్టినప్పుడు ఎవరైనా వస్తే కిలోల లెక్కన కాక, కారుగా అమ్మాలి. ఎవరూ రాకపోతే నిక్షేపంగా తుక్కు చేయండి, నేనేమీ అనను. నిజం చెప్పాలంటే అలా చూసిన పదింటిలో చాలావాటిని నేనే వద్దంటాను. అప్పుడు కూడా తలుపులూ, గాజులూ, బ్యాడ్జీలూ విప్పి అమ్మితే వాటితో ఇంకో కారు నిలబడుతుంది.

కాగితాల విషయం ఇంకా బాధాకరం. యజమాని పోయాక పిల్లలు ముగ్గురు ఉంటే ముగ్గురి సంతకాలూ కుదిరేసరికి పదేళ్లు. ఈలోగా కారు వాకిట్లో కుళ్లిపోతుంది. బాగుచేయడానికి తీసుకెళ్లేవాడికి తాత్కాలిక పత్రం ఏదైనా ఇవ్వండి. యాజమాన్యం తర్వాత తేల్చుకుంటారు, తుప్పు మాత్రం అప్పటిదాకా ఆగదు.

కేసుల్లో ఉన్న కార్లను ముట్టుకోకూడదంటారు, అర్థం చేసుకోగలను. కానీ బ్యాటరీ తీసేయడం, ఇటుకల మీదకెత్తి పెట్టడం, కాళ్ల కింద పరిచే తడిసిన మ్యాట్లు బయట పడేయడం, తలుపు కన్నాల్లో పుల్ల పెట్టి బురద తీయడం, వీటివల్ల ఏ సాక్ష్యం చెడుతుంది? ఒక మనిషికి ఒక పూట పని.

అదే ఆవరణలో ఇప్పుడు ఇంకో కారు వచ్చి చేరింది. నూనె మరక ఉన్నచోటే నిలబెట్టారు. దానికింకా ఎలుకలు పట్టలేదు, రంగు ఉంది, నంబరు రేకు ఉంది. డ్రైవర్ వైపు అద్దం సగం దాకా దిగి ఉంది. చెయ్యి పెట్టి పైకి ఎత్తబోతే కాపలా ఆయన ఆపేశాడు. కేసులో ఉంది సార్, తాకకూడదు అన్నాడు. అద్దం అలాగే ఉంది. నిన్న రాత్రి వాన పడింది. మిగతావన్నీ ఆలోచించడానికి మీకు సమయం పడుతుంది. ముందు ఆ అద్దం ఎత్తించండి.

ఇట్లు,
పాత కార్ల పిచ్చి ఉన్న ఒక పౌరుడు