కుండల స్టూడియోలో చీపురు వద్దు

సంపాదకులకు,

నలుగురూ కలిసి పనిచేసే కుండల స్టూడియోల్లో అందరూ బట్టీకి భయపడతారు. కానీ అసలు ప్రమాదం నేలమీద ఆరిన మట్టి. అందులో స్ఫటిక సిలికా అనే ఖనిజం ఉంటుంది. ఊడిస్తే లేచే కంటికి కనిపించని రేణువులు గంటలతరబడి గాలిలోనే తేలుతూ ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. వాటివల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ నయం కాదు. పైగా ఒక బృందం లేపిన దుమ్మును తర్వాతి బృందం పీలుస్తుంది!

చక్రాన్ని, బల్లను వాటిమీది మట్టి ఆరకముందే తడి స్పాంజితో తుడవాలి. నేల తుడిచే నీళ్లు మారుస్తూ ఉండాలి. మురికినీళ్లతోనే కానిస్తే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది, అదే మళ్లీ దుమ్ము. మామూలు వాక్యూమ్‌ క్లీనర్‌ సన్నని పొడిని వెనకనుంచి వదిలేస్తుంది కనుక అతి సన్నని దుమ్మునూ పట్టే హెపా ఫిల్టరు ఉన్నదే కావాలి. ఆరిన పచ్చి (ఇంకా కాల్చని) పాత్రను గరుకు కాగితంతో రుద్దొద్దు. గ్లేజు (పాత్రకు వేసే గాజులాంటి పూత) కలిపేటప్పుడు పొడిని మెల్లగా నీళ్లలోకి జార్చాలి. ఎన్‌95 మాస్కు ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే పక్కలనుంచి గాలి దూరుతుంది. ఏప్రాన్‌ దులపకుండా ఉతకాలి.

పచ్చి పాత్రలు మొదటిసారి కాలేటప్పుడు విషవాయువైన కార్బన్‌ మోనాక్సైడ్‌ రావచ్చు. బట్టీ గదికి బయటికి గాలి లాగే గొట్టం తప్పనిసరి.

నిర్వాహకులు ప్రతి తరగతిలో చివరి 15 నిమిషాలు శుభ్రతకే కేటాయించాలని మా విన్నపం.

- కుండల తయారీ శిక్షకులు