అవయవదానం వద్దంటే బ్రెయిన్ డెత్ లెక్క ఏమిటి?

బ్రెయిన్ డెత్ అంటే మెదడు పని ఇక తిరిగిరాకుండా ఆగిపోవడం. దాని నిర్ధారణను మన చట్టం అవయవదానానికే ముడిపెట్టి వదిలేసింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు చేయాలి. మార్పిడి చేసే బృందంలోని వాళ్లు అందులో ఉండకూడదు. నిబంధన గట్టిదే. బ్రిటన్‌లో ఇద్దరు డాక్టర్లే చాలు, కానీ అక్కడ దానం చేసినా చేయకున్నా బ్రెయిన్ డెత్ మరణమే. జపాన్‌లో అవయవాలిచ్చే సందర్భంలోనే బ్రెయిన్ డెత్‌ను మరణంగా లెక్కిస్తారు. మనదీ ఇంచుమించు అదే దారి. హైవే ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో కర్నూలుకే వస్తారు. ఈమధ్య ఇక్కడి ఓ ఆసుపత్రి ఐసీయూ బయట చూశాను: ‘బ్రెయిన్ డెడ్’ అన్న నోటితోనే దానం సంగతి ఎత్తారు. ‘గుండె కొట్టుకుంటాంది కదా సార్, పోయినాడని ఎట్లంటారు?’ అని రోగి తండ్రి అడిగితే జవాబు లేదు. వెంటిలేటర్ తీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఊపిరి కోసం ఛాతీ దానంతటదే కదులుతుందో లేదో చూసే పరీక్ష ఒకటుందని ఆయనకెవరూ చెప్పలేదు. కుటుంబం దానం వద్దన్నాక వెంటిలేటర్ సంగతి తేల్చినవారు లేరు, బిల్లు మాత్రం పెరుగుతూనే పోయింది. కేరళ 2020లోనే దానంతో సంబంధం లేకుండా బ్రెయిన్ డెత్ నిర్ధారణకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన వైద్యారోగ్య శాఖ కూడా అలాంటి ఉత్తర్వు ఇచ్చి, రెండో పరీక్ష ఇంట్లోవాళ్లలో ఒకరి ఎదుట చేయించాలి, ఫలితం తెలుగులో రాసివ్వాలి. దానం గురించి ఆ తర్వాతే, అదీ వైద్యం చేసిన డాక్టరు కాకుండా వేరే కౌన్సెలర్ అడగాలి.

– ఓ పాఠకుడు, కర్నూలు