కీమో వార్డుకూ యోగా గురువు కావాలి

సంపాదకుల వారికి,

2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మందిని కూర్చోబెట్టి ఆసనాలు వేయించిన పాలకులకు ఒక విన్నపం. ఆ శ్రద్ధలో కొంత క్యాన్సర్ వార్డుల మీద కూడా పెట్టండి. యోగా అవసరం అక్కడే ఎక్కువ, తప్పుగా చేస్తే ప్రమాదమూ అక్కడే ఎక్కువ.

మా వదినగారు రొమ్ము క్యాన్సర్‌కు కీమో చేయించుకుంటున్నారు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ ఆమెకు కాలక్షేపం బంధువులు పంపే వీడియోలే. ఒకదానిలో గురువుగారు పొట్టను కొలిమి తిత్తిలా ఆడిస్తూ, రోజూ కపాలభాతి చేస్తే గడ్డ కరిగిపోతుందని హామీ ఇచ్చేస్తున్నారు. పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన అలాంటిదే చూసి ముందుకు వంగే ఆసనాలు మొదలుపెట్టారట. జబ్బు అప్పటికే ఆయన వెన్నెముకకు పాకింది. ఆ మాట చెవిన పడగానే నర్సు ఉలిక్కిపడి డాక్టరును పిలుచుకొచ్చింది.

ఆమె కంగారుకు కారణం ఉంది. క్యాన్సర్ పాకిన ఎముక గుల్లబారుతుంది, బలంగా వంచినా మెలితిప్పినా విరగవచ్చు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోయినవారు శీర్షాసనం వేస్తూ పడితే లోపల రక్తస్రావం కావచ్చు. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకున్న చాలామందికి పాదాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతాయి, వారిని ఒంటికాలి మీద నిలబెట్టకూడదు. కడుపు కోసి కుట్లు వేసినవారికి కపాలభాతి అసలే వద్దు. ఇవేవీ ఆ వీడియోల్లో వినపడవు.

యోగా దండగ అనడం లేదు. బెంగళూరులోని యోగా విశ్వవిద్యాలయం ఎస్-వ్యాస, అమెరికాలోని క్యాన్సర్ ఆసుపత్రి ఎం.డి. ఆండర్సన్ పరిశోధకులు రేడియేషన్ తీసుకుంటున్న 191 మంది స్త్రీలను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఒట్టి కండరాలు సాగదీసే వ్యాయామం చేసినవారి కంటే యోగా చేసినవారు తమ పనులు తాము మెరుగ్గా చేసుకోగలిగారు. అదే ఏడాది ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వారి అధ్యయనంలో, చికిత్స ముగిసిన 200 మందిలో 12 వారాలు యోగా నేర్చుకున్నవారికి మరో మూడు నెలల తర్వాత చూస్తే అలసట తక్కువగా ఉంది. నీరసంతో మంచం దిగలేని మనిషికి ఇది చిన్న మేలు కాదు. కానీ రెండింటిలోనూ గడ్డ కరిగిన ముచ్చట లేదు. మామూలు చికిత్స తీసుకోకుండా ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నవారికి, ఆ చికిత్స తీసుకున్నవారితో పోలిస్తే మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉన్నట్లు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో తేల్చారు. హామీలిచ్చే గురువులు దీన్ని కూడా చదివితే బాగుండు.

కాబట్టి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రుల్లో ప్రతి డే కేర్ వార్డుకు శిక్షణ ఉన్న యోగా గురువును నియమించాలి. ఎవరు ఏం చేయవచ్చో, ఏం కూడదో క్యాన్సర్ డాక్టరు (ఆంకాలజిస్టు) కేస్ షీటులోనే రాయాలి. నెమ్మదిగా ఊపిరి పీల్చి వదలడం, చీలమండలు తిప్పడం, ఆపరేషన్ అయిన వైపు చేతిని డాక్టరు చెప్పినంత మేరకే ఎత్తడం లాంటివి సెలైన్ లేని చేత్తో కుర్చీలోనే చేయించవచ్చు. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చే రోగి దీనికి విడిగా రూపాయి కట్టే పరిస్థితి ఉండకూడదు. ఇవే జాగ్రత్తలతో ఆసుపత్రి పేరు మీద ఒక తెలుగు వీడియో తీసి రోగుల ఫోన్లకు పంపితే, బంధువులు పంపేవాటికి కనీసం పోటీ అయినా ఉంటుంది.

ఇట్లు,
ఒక రోగి బంధువు, విశాఖపట్నం